పది నిమిషాల ఇంజిన్

బాగా నడిచే ఇంజిన్ అంత పనికిమాలిన వస్తువు ఈ లోకంలో ఇంకోటి లేదు!

నవ్వుతున్నారా? నవ్వండి. మా కాలనీ సంఘానికి కార్యదర్శిని, అనుభవం మీద చెబుతున్నాను. నడిచే ఇంజిన్ వల్ల ఎవరికేం ఒరిగింది? తాళం తిప్పారు, నడిచింది, పని అయిపోయింది. మీటింగ్ లేదు, తీర్మానం లేదు, పక్కింటాయనతో నాలుగు మాటల్లేవు. అదే ఆగిపోయే ఇంజిన్ అనుకోండి, మనిషికి మనిషి అవసరం పడుతుంది.

మా కాలనీ మధ్యలో పెద్ద మైదానం ఉంది. దానికో గడ్డి కోసే బండి ఉంది. ఎక్కి కూర్చుని నడిపే రకం. దాన్ని నడపడానికి పిన్ని ఉంది. ఆవిడ మాలో ఎవరికీ పిన్ని కాదు, తొమ్మిదేళ్లుగా అందరం అలా పిలుస్తున్నాం, అంతే. తలకి గుడ్డ చుట్టుకుని పొద్దున్నే సీటెక్కిందంటే, మధ్యాహ్నానికల్లా మైదానం చాప పరిచినట్టుండేది. ఆ తొమ్మిదేళ్లలో బండి గురించి కాలనీలో ఒక్కరంటే ఒక్కరు మాట్లాడిన పాపాన పోలేదు. ఎంత దౌర్భాగ్యం!

నేను పదవిలోకి వచ్చాక గానీ పరిస్థితి మారలేదు. వచ్చిన రోజే సంఘం వస్తువులన్నీ తనిఖీ చేశాను. కుర్చీలు చూశాను, నీళ్ల పైపు చూశాను, బండి దగ్గరికొచ్చాను. పెట్రోలు ట్యాంకు మూత మీద ఏం కనబడిందనుకున్నారు? కన్నం! గుండుసూది దూరేంత కన్నం! ముక్కు పెట్టి చూస్తే గుప్పున పెట్రోలు వాసన. తొమ్మిదేళ్లుగా సంఘం పెట్రోలు గాల్లో కలిసిపోతుంటే అడిగే నాథుడు లేడు! ఆఫీసులో కుర్చీ కాలు అతికించిన నల్ల జిగురు ఇంకా మిగిలుంటే, ఆ నల్ల మూత మీద కన్నాన్ని నా చేత్తో నేనే పూడ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. ప్రచారం నాకు గిట్టదు. ఏడాది చివర నివేదికలో ఓ పేజీ రాసుకుందామని ఊరుకున్నాను.

సరిగ్గా ఆ మర్నాటి నుంచే బండి పది నిమిషాలు నడిచి ఆగిపోవడం మొదలుపెట్టింది. రెండింటికీ ఏ సంబంధమూ లేదని మనవి.

ముందు గుర్రుగుర్రుమనేది. ఓ దగ్గు దగ్గేది. ఆ తర్వాత చప్పుడుండేది కాదు. అరగంట వదిలేస్తే మళ్లీ ఓ పది నిమిషాలు నడిచేది.

ఆహా, ఆ పది నిమిషాలు మా కాలనీకి చేసిన మేలు ఏమని చెప్పను! సంఘం అధ్యక్షులవారు స్వయానా మా అక్క మొగుడు. ఇళ్ల మధ్య గోడ తగాదాతో నాలుగేళ్లుగా మా మధ్య మాటల్లేవు. బండి ఆగిన మర్నాడే బావగారు ఫోన్ చేశారు. "ఏమిటోయ్, ఏదో ఆగిపోయిందటగా" అన్నారు. గొంతు విని నాకు కళ్లు చెమర్చాయి. గోడ కట్టించి తెంచుకున్న బంధుత్వాన్ని బండి ఆగి కలిపింది!

బావగారు మైదానానికి దయచేశారు. "ముందు పెట్రోలుందో లేదో చూడండయ్యా" అంటూ మూత తిప్పి, లోపలికి తొంగి చూసి, మూత పెట్టి, తాళం తిప్పమన్నారు. డుర్రుమంది! "నేను చెయ్యి వేస్తే చాలోయ్" అని మీసం దువ్వుకున్నారు. హస్తవాసి అంటే అదీ! పది నిమిషాల తర్వాత ఆగిపోయిందనుకోండి. అప్పటికి ఆయన ఇంటికెళ్లి భోజనం చేస్తున్నారు.

మెకానిక్ వచ్చాడు. మూత తీసి తొంగి చూశాడు, మూత పెట్టాడు, ప్లగ్గు మార్చాడు. నడిచింది! చెయ్యి ఊపుకుంటూ వెళ్లిపోయాడు. ఆగింది. మళ్లీ వచ్చాడు. మూత తీసి చూశాడు, పెట్టాడు, ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. నడిచింది, ఆగింది. పెట్రోలు పైపు మార్చాడు, కార్బురేటర్ మార్చాడు. వచ్చిన ప్రతిసారీ ముందు మూత తీసి చూడ్డం, చివర్లో ఏదో ఒకటి మార్చడం, బండి నడవడం.

"ఇది మొండి రోగం సార్. నేనున్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది, నేనటు వెళ్లగానే మొదలెడుతుంది" అన్నాడు, డాక్టరు గదిలోకి రాగానే దగ్గు మానేసే పిల్లల గురించి చెప్పినట్టు.

ఈలోగా గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది. పిల్లల బంతులు అందులో పడితే మళ్లీ దొరకడం లేదు. దాంతో ఆటలు బంద్. కిటికీ అద్దాలు పగలడం లేదు, మధ్యాహ్నం నిద్రకి అడ్డు లేదు. చెప్పండి, ఏ ప్రభుత్వం ఇవ్వగలదు ఇంతటి శాంతి?

ఇంత చక్కగా జరుగుతుంటే, ఓ మీటింగ్‌లో పిన్ని కల్పించుకుంది.

"మూత ఓ అర చుట్టు వదులు చేస్తే ఆగట్లేదండీ. నిన్న రెండు గంటలు కోశాను."

గదంతా గొల్లున నవ్వింది.

"బోడిగుండుకీ మోకాలికీ ముడి పెడతావేంటమ్మా! ఆగేది ఇంజిన్ అయితే, నువ్వు మూత అంటావేంటి?" అన్నారు బావగారు.

ఆవిడ నా వైపు తిరిగింది. "మీ ఇంట్లో నూనె డబ్బాకి రెండో కన్నం ఎందుకు పెడతారు సార్?"

నాకేం తెలుసు? వంటిల్లు మా ఆవిడ శాఖ. సంఘం వ్యవహారాల్లోకి నూనె డబ్బాలు తేవద్దని గట్టిగా మందలించాను. అయినా, మూత వదిలేసి నడపడమా? నిప్పురవ్వ పడితే ఎవరిది పూచీ? ఇక మీదట మూత ముట్టుకోవద్దని ఆర్డర్ వేశాను. రోజూ పొద్దున్నే పట్టకారు పట్టుకెళ్లి ఆ మూత నేనే బిగించాను. బాధ్యతంటే అలా ఉండాలి!

అలా మూడు నెలలు గడిచాక బావగారు అసలు ప్రశ్న వేశారు. "బండిలో అన్నీ మార్చేశాం కదా. పాతదేం మిగిలింది?"

అందరం తలలు పట్టుకుని ఆలోచించాం. పాతది ఒక్కటే మిగిలింది. సీట్లో పిన్ని!

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మూతట మూత!" అన్నారు బావగారు. అంతే, పిన్నిని తీసెయ్యాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఆవిడ కూతురి నర్సింగ్ చదువు ఆ సీటు మీదే నడుస్తోందని నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టాను. పదవిలో ఉన్నవాడు గుండె రాయి చేసుకోవాలి కదా! రెండు పేజీల ఉత్తర్వు రాశాను. మొదటి పేజీలో కారణాలు, రెండో పేజీలో తొలగింపు, సంతకాలు. రెండూ కలిపి గుండుసూది గుచ్చి, మైదానంలో మెకానిక్‌తో సహా అందరి ముందూ ఆవిడ చేతికిచ్చాను.

పిన్ని నిదానంగా చదువుకుంది. కళ్లు తుడుచుకుంది.

"బండి పాడైంది నా వల్లా సార్?"

నేను ఆకాశం వైపు చూశాను. మబ్బులున్నాయేమోనని.

ఆవిడ కాగితాల నుంచి గుండుసూది పీకి, కాగితాలు నా చేతిలో పెట్టింది. తిన్నగా వెళ్లి పెట్రోలు మూత విప్పింది.

"మూత ముట్టుకోవద్దన్నాను కదమ్మా!" అన్నాను.

"మీరు వద్దన్నాక ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ముట్టుకోలేదుగా సార్" అంది.

మూతని ఎండకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇక్కడ గాలి కన్నం ఉండాలండీ. ఎవరో పూడ్చేశారు. పెట్రోలు కిందికి దిగాలంటే లోపలికి గాలి రావద్దూ? మీరందరూ మూత తీసి చూసినప్పుడల్లా ఆ కాస్త గాలీ వెళ్లేది, బండి నడిచేది."

గుండుసూదితో గీకింది. నల్ల జిగురు పొట్టులా రాలింది. మూత నాకిచ్చి, "మీరే బిగించండి, మీ పట్టకారుతోనే" అంది. పట్టకారు కోసం కాగితాలు చంకలో పెట్టుకుని, బిగించాను.

బండి కదిలింది. అందరం వాచీలు చూసుకున్నాం. పది నిమిషాలైంది. ఇరవై అయింది. అరగంటైంది. గడ్డి వరసలు వరసలుగా పడిపోతోంది. పోయిందనుకున్న బంతులు ఒక్కొక్కటే కనబడుతుంటే పిల్లలు ఈలలు వేస్తున్నారు. మెకానిక్ మెల్లిగా జారుకున్నాడు.

సరిగ్గా అప్పుడే నా చంకలోంచి రెండో పేజీ గాలికెగిరిపోయింది. సూది లేదు కదా! పోయి పోయి బండికి ఎదురుగా పడింది.

"పిన్నీ, ఆపు! ఆపు!" అని అరిచాను.

బాగా నడిచే ఇంజిన్ పక్కన కార్యదర్శి అరుపు ఎవరికి వినబడుతుంది? తొలగింపూ, సంతకాలూ గడ్డితో పాటు ముక్కలై బయటికొచ్చాయి.

మళ్లీ రాయమంటారా అన్నట్టు బావగారి వైపు చూశాను. ఆయన గడ్డి వైపు చూస్తూ, "కారణం ఏమని రాస్తావోయ్?" అన్నారు. ఆ తర్వాత ఆయన నాతో మళ్లీ మాట్లాడలేదు.

పిన్ని పని ముగించి, తాళం తీసి, నా పక్కకొచ్చి మెల్లిగా అంది. "ఆఫీసు కుర్చీ కాలికి కూడా ఇదే జిగురండీ. ఎవరు పూడ్చారో నేనడగను లెండి. ఈసారి ఎక్కడైనా కన్నం కనబడితే, పూడ్చే ముందు నన్నో మాటడగండి."

అడగాలట! సీటెక్కని వాళ్లందర్నీ అడిగాం, తొమ్మిదేళ్లుగా సీట్లో ఉన్న మనిషిని తప్ప. అంత శ్రద్ధగా నడిపిన వ్యవహారాన్ని ఓ గుండుసూది తగలేసింది! గుండుసూదిని సకాలంలో అందజేసిన కార్యదర్శికి అభినందనలు తెలుపుతూ తీర్మానం ప్రతిపాదించాను. బలపరిచేవాళ్లు లేక అది వీగిపోయింది.

కాబట్టి పాఠకులారా, పొరపాటున కూడా మీ ఇంజిన్‌ని బాగుపడనివ్వకండి! మా బండి ఇప్పుడు రోజూ నా కిటికీ ముందు నుంచే వెళుతుంది, ఒక్కసారి కూడా ఆగదు. అక్కడికి రాగానే పిన్ని మూత మీద ఓసారి వేలు పెట్టి చూసుకుంటుంది. తర్వాత తలెత్తి నా కిటికీ వైపు చూస్తుంది. నేను కర్టెన్ లాక్కుంటాను.