సోంపు వాసన వేసిన ఈతకొలను

అక్టోబరు నెలలో ప్రిటోరియాలో ఎవరూ పొద్దున్నే పెద్ద నిర్ణయాలు తీసుకోకూడదు. వీధులన్నీ జకరండా పూలతో ఊదారంగు తిరిగి ఉంటాయి. అటువంటప్పుడు మనిషి బుద్ధి నిలకడగా ఉండదు. అయినా ఆ సోమవారం ఉదయం ఫానుస్ స్ట్రైడమ్ వరండాలో కూర్చుని, రస్కును కాఫీలో ముంచుతూ, పెరట్లో ఉన్న జకరండాను కొట్టించేద్దామన్నాడు.

ఆ మాటకు కారణాలు లేకపోలేదు. చెట్టు ఈతకొలను మీదికి వంగి ఉంది. అది రాత్రంతా రాల్చిన పూలు తెల్లవారేసరికి నీళ్లను కనబడనిచ్చేవి కావు. పొడవాటి గొట్టానికి బిగించిన వలతో ఫానుస్ వాటిని దేవేవాడు. దేవి వెనుదిరిగేలోగా మళ్లీ అన్ని పూలూ రాలి ఉండేవి. ఆయన నడుము ఈ పనికి ఒప్పుకోవడం మానేసి రెండేళ్లయింది. పైగా రైల్వే ఇంజనీరుగా విరమణ పొందాక ఆయన దూరవిద్యలో తత్వశాస్త్రం చదువుతున్నాడు. తర్కశాస్త్రం పేపరు ఇప్పటికి రెండుసార్లు తప్పాడు. మూడోసారి, అంటే చివరిసారి, పరీక్ష వచ్చే సోమవారం. పూలు దేవడానికి పోయే ప్రతి గంటా తర్కానికి నష్టమేనని ఆయన వాదన.

ఆయన భార్య ఎల్సబే వాదన వేరు. ఇల్లు ఆమె చెట్టును చూసి కొన్నది. కొలను ఆ తర్వాత ఆయన తవ్వించినది. వెనక వచ్చినదాని కోసం ముందున్నది పోవడం ఏ తర్కమని ఆమె అడిగింది. అంతకన్న పెద్ద చిక్కు మరొకటుంది. జకరండా పరదేశపు చెట్టు కనుక ఉన్నవాటిని ఉంచుకోనిస్తారు గాని, కొత్తగా నాటడానికి చట్టం ఒప్పుకోదు. ఒకసారి కొడితే ఇక ఆ పెరట్లో ఊదారంగు మాట మరిచిపోవలసిందే.

“శనివారం చెట్లు కొట్టే షాడ్రక్ రంపం తెస్తాడు. మాట్లాడేశాను,” అన్నాడు ఫానుస్.

“కొలను తుడిచే రోబోలు వచ్చాయిగా. ఒకటి కొనుక్కుందాం.”

“ఈ పూలను మింగే రోబో ఇంకా పుట్టలేదు.”

“పుట్టి ఉంటే?”

ఫానుస్ ఆగాడు. తర్కం చదివేవాళ్లకు షరతులంటే బలహీనత. షాడ్రక్ వచ్చే వేళకు కొలను అడుగున పలకలు కనబడితే చెట్టు ఉంటుందని, కనబడకపోతే పోతుందని ఒప్పందం చేశాడు. ఎల్సబే రెండో కప్పు తాగకుండానే కారు తాళాలు తీసుకుంది.

దుకాణంలో మూడు రకాలు చూపించారు. ఒకటి నేల మీద మాత్రమే తిరుగుతుంది. ఇంకొకటి గోడలు కూడా ఎక్కుతుంది. దాని చెత్తబుట్ట పెద్దది, మూత పైనుంచి తెరుచుకుంటుంది. మూడోదానికి తీగే లేదు, బ్యాటరీతో నడుస్తుంది. దుకాణదారుడు ధారాళంగా మాట్లాడుతున్నవాడల్లా జకరండా పేరు వినగానే నెమ్మదించాడు. ఆ పూలు తడిస్తే జిగురు గుడ్డల్లా జల్లెడకు అతుక్కుంటాయన్నాడు. ఇరుగుపొరుగుల యంత్రమేదైనా తెచ్చి సొంత కొలనులో నడిపి చూశాకే కొనమని సలహా ఇచ్చాడు. నిజాయితీపరుడు. తర్వాత జరిగినవాటికన్నిటికీ మూలం ఆ నిజాయితీయే.

పక్కింటి కూస్ టెర్‌బ్లాంష్ ఫానుస్ కన్న పదేళ్లు పెద్ద, వీధి మొత్తానికి బాబాయి. ఆయన దగ్గర గోడలెక్కే రకం ఉంది. మంగళవారం పొద్దున ఎల్సబే అడగడమే తడవుగా దాన్ని తోపుడుబండిలో, కింద దిండు వేసి, తానే తోసుకుంటూ తెచ్చి నీళ్లలో దింపాడు. యంత్రం అడుగంతా తిరిగింది, గోడలెక్కింది, మూలల్లో ముక్కు పెట్టి వెతికింది. పైన మాత్రం పూలు పరిచిన దుప్పటిలా కదలకుండా ఉన్నాయి.

“పూలేమో పైన, యంత్రమేమో కింద. పాపం, వాటికి పరిచయం కూడా కాలేదు,” అన్నాడు ఫానుస్, పుస్తకంలోంచి తలెత్తకుండానే.

ఎల్సబే మాత్రం ఒకటి కనిపెట్టింది. రాలిన పువ్వు ఒక రోజంతా తేలుతుంది. నాని బరువెక్కాకే మునుగుతుంది. అంటే అసలు పరీక్ష మర్నాడు జరగాలి. కాని మర్నాటికి కూస్‌కు తన యంత్రం కావాలి. అందువల్ల ఆ మధ్యాహ్నమే దాన్ని కడిగి, ఆరబెట్టి, తిరిగి ఇచ్చేసింది.

ఇక్కడ ఆ వీధి మర్యాద ఒకటి చెప్పాలి. పొరుగింటి నుంచి అరువు తెచ్చుకున్నదేదీ ఖాళీగా తిరిగి వెళ్లదు. గిన్నె వస్తే గిన్నెలో ఏదో ఒకటి పోతుంది. కిందటేడు స్ట్రైడమ్‌ల నిచ్చెన తీసుకెళ్లిన కూస్, దాన్ని తిరిగి పంపేటప్పుడు మూడో మెట్టుకు టమాటాల సంచి కట్టి పంపాడు. అటువంటి మనిషికి అంత పెద్ద బుట్ట ఉన్న యంత్రాన్ని ఉత్తదే పంపడానికి ఎల్సబేకు చేతులు రాలేదు. మజ్జిగా సోంపూ కలిపి అంతకుముందు రోజే కాల్చిన రస్కులతో బుట్టను నింపి మూత పెట్టింది. తిరిగొచ్చిన గిన్నె మూత ఎవరైనా తీసి చూస్తారని ఆమె అనుకుంది. కడిగి ఇచ్చిన యంత్రం మూత తీసి చూడడం ఇచ్చినవాళ్లను అనుమానించడమని కూస్ అనుకున్నాడు. రెండు ఊహలూ సబబైనవే. ప్రమాదాలు తరచుగా సబబైన ఊహల మధ్యనే జరుగుతాయి.

బుధవారం ఉదయం కూస్ కంచె దాటి వరండాలోకి వచ్చాడు. టోపీ కూడా తియ్యలేదు.

“ఎల్సబే, నీ చెట్టు నా కొలనును పాలు చేసేసింది.”

“పాలా, బాబాయ్?”

“పాలే. చిక్కటి పాలు. పైగా సోంపు వాసన.”

ఎల్సబే చేతిలో టీ కెటిల్ గాలిలోనే ఆగిపోయింది. ఆమెకు అంతా ఒక్కసారి అర్థమైంది. అప్పుడే చెప్పేసేది, కాని ఎదురుగా ఫానుస్ ఉన్నాడు. యంత్రంలో రస్కులు పెట్టిన మనిషి, యంత్రాల గురించి సాక్ష్యం చెబితే ఏ న్యాయస్థానం నమ్ముతుంది? సాయంత్రం ఒంటరిగా వెళ్లి చెప్పుకుందామనుకుంది. ఆ పూట మాత్రం టీ పోసి, చక్కెర రెండుసార్లు వేసింది.

సాయంత్రం ఒక పళ్లెం నిండా కొత్త రస్కులు పట్టుకుని వెళ్లింది కూడా. కూస్ పెరట్లో సగం వీధి నిలబడి ఉంది. జకరండా వేళ్లలో ఏదో విషం ఉంటుందని, అది యంత్రం కడుపులో చేరి తన నీళ్లకు అంటుకుందని కూస్ వివరిస్తున్నాడు. జనం వంతులవారీగా వంగి వాసన చూస్తున్నారు. అంతమంది మధ్య ఆ మాట చెప్పలేక ఎల్సబే పళ్లెంతో సహా వెనక్కి వచ్చేసింది. అంతటితో పోనిచ్చినా బాగుండేది. కాని కూస్ దయామయుడు. విషపు చెట్టు పక్కన ఫానుస్ దంపతులు శనివారం దాకా ఎందుకు బతకాలని, షాడ్రక్‌కు తానే ఫోన్ చేసి గురువారమే రమ్మన్నాడు.

ఈలోగా ఎల్సబే రెండో యంత్రాన్ని తెచ్చుకుంది. అది ఎదురింటి దంతవైద్యురాలు ఖొమోట్సోది, తీగ లేని రకం. బుధవారమంతా అది మునిగిన పూలను ఆవురావురుమంటూ తిన్నది. సగం కొలను శుభ్రపడింది; నీలం పలకలు కనబడ్డాయి కూడా. అప్పుడు బ్యాటరీ అయిపోయి, లోతు వైపు ఎక్కడో ఆగిపోయింది. రాత్రి గాలి వీచింది. గురువారం ఉదయానికి కొలను పైన మళ్లీ ఊదా దుప్పటి పరుచుకుంది. దాని కింద పలకలూ లేవు, యంత్రమూ లేదు.

ఆ ఉదయమే ఖొమోట్సో తెల్లకోటు మీదే, చేతులకు తొడుగులతో వచ్చింది.

“పిన్నీ, మా రోబోకి ఆ జబ్బు అంటకముందే ఇచ్చెయ్యండి.”

“ఇస్తానమ్మా. ఎక్కడుందో తెలిస్తే ఇప్పుడే ఇస్తాను.”

ఫానుస్ పొడవాటి గొట్టానికి కొక్కెం తగిలించి నీళ్లలో గాలించడం మొదలుపెట్టాడు. గట్టున తర్కం పుస్తకం తెరిచే ఉంది. కూస్ తన కొలను నీళ్లు ఒక సీసాలో పట్టి సాక్ష్యంగా తెచ్చాడు. ఖొమోట్సో సీసా వాసన చూసి, ఇలాంటి రోగానికి సోంపు వాసన రావడం తన చదువులో ఎక్కడా లేదంది. షాడ్రక్ లారీ గేటు దగ్గర ఆగింది. అతను పెరట్లోకి వచ్చి, చెట్టును పైకీ కిందికీ చూసి, కాండానికి తాడు చుట్టడం మొదలుపెట్టాడు. ఆ తాడు బిగిసిన చప్పుడు ఎల్సబేకు తన మెడ దగ్గర వినబడింది.

“కూస్ బాబాయ్, అది చెట్టు చేసిన పాపం కాదు. బుట్టలో రస్కులు పెట్టింది నేను.”

ఖొమోట్సో సీసాను మళ్లీ ఒకసారి వాసన చూసి, నెమ్మదిగా తొడుగులు విప్పుకుంది.

“రస్కులా?” అన్నాడు కూస్.

“ఖాళీగా ఎలా పంపమన్నారు?”

నిచ్చెనకు టమాటాలు కట్టి పంపిన మనిషికి ఆ మాట కాదనే హక్కు లేదు. కూస్ ముఖంలో కోపం వస్తుందని ఎల్సబే ఎదురుచూసింది; వచ్చింది దుఃఖం.

“సోంపు వేసినవేనా?”

“సోంపువే. మజ్జిగ పోసి చేశాను.”

“బుట్ట నిండానా?”

“నిండా.”

కూస్ గట్టు మీద కూలబడ్డాడు. “బుట్టెడు సోంపు రస్కులు. వాటికి నేను ఈత నేర్పించాను.”

నిన్నటి పళ్లెం తెచ్చి ఎల్సబే ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన ఒకటి తీసి, ముందు అనుమానంగా చూసి, తర్వాత కొరికాడు. విషం సంగతి మళ్లీ ఎత్తలేదు. కాని ఫానుస్ తర్కం పట్టు సడలనివ్వలేదు.

“రస్కుల కేసు కొట్టేశాం. పలకల కేసు అలాగే ఉంది. షాడ్రక్ వచ్చాడు, పలకలు కనబడడం లేదు. ఒప్పందం ఒప్పందమే,” అంటూనే ఆయన కొక్కేన్ని లోతులోకి దించాడు. అది దేనికో తగిలింది. యంత్రమే. దాన్ని పైకి లాగడానికి ఆయన రెండు చేతులతో గొట్టం పట్టుకుని ముందుకు వంగాడు. షాడ్రక్ రంపం అందుకున్నాడు. ఆ క్షణాన పైకొమ్మ నుంచి ఒక పువ్వు, తొందరేమీ లేకుండా తిరుగుతూ దిగి, ఫానుస్ బట్టతల నడినెత్తిన కూర్చుంది.

షాడ్రక్ రంపాన్ని గడ్డి మీద పెట్టేశాడు.

“కదలకండి సార్. మీకేమైనా పరీక్షలున్నాయా?”

“సోమవారం. తర్కశాస్త్రం,” అని ఎల్సబే చెప్పింది.

పరీక్షల కాలంలో జకరండా పువ్వు దానంతటదే తల మీద రాలితే ఆ మనిషి తప్పడని ఆ ఊళ్లో బడిపిల్లలకు కూడా తెలుసు. పట్టి పెట్టుకున్నది పనికిరాదు, చెట్టు ఇవ్వాలి.

“మా అమ్మాయి కూడా సోమవారమే రాస్తోంది. ఇచ్చే చేతిని నరకమంటే నా వల్ల కాదు. ఇంకెవరినైనా చూసుకోండి,” అన్నాడు షాడ్రక్.

అది ఉత్త మూఢనమ్మకమని ఫానుస్ వివరించాడు. పువ్వుకూ మార్కులకూ కార్యకారణ సంబంధం లేదన్నాడు. ఒకదాని వెనక ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని ఉదాహరణలతో సహా చాలాసేపు చెప్పాడు. అంతసేపూ తల మాత్రం కదపలేదు. చివరకు, పరీక్షించి చూడకుండా ఒక ప్రతిపాదనను నాశనం చెయ్యడం శాస్త్రీయం కాదు కనుక, ఫలితాలు వచ్చేదాకా చెట్టు ఉండవచ్చని తేల్చాడు. షాడ్రక్ తాడు విప్పి, కూతురి తరఫున కాసేపు కొమ్మల కింద టోపీ తీసి నిలబడ్డాడు. కూస్ కూడా టోపీ తీశాడు. ఈ వయసులో ఏం పరీక్ష బాబాయ్ అని ఖొమోట్సో అడిగితే, డ్రైవింగ్ లైసెన్సుకు కంటి పరీక్ష ఉందన్నాడు.

తర్వాతి వారం దంపతులిద్దరూ దుకాణానికి వెళ్లారు. అడుగున మునిగినవి యంత్రం వంతు, పైన తేలేవి తన వంతు అని ఫానుస్ ముందే పంపకం చేశాడు. నడుము సంగతేమిటని ఎల్సబే అడగలేదు. ఆయన అప్పటికే రోజూ తెల్లవారగానే వల పట్టుకుని, ఉత్త తలతో, చెట్టు కింద అవసరానికి మించి నిలబడుతున్నాడు. ఆమె గోడలెక్కే రకాన్ని ఎంచుకుంది. దానిలో ఏం నచ్చిందని దుకాణదారుడు అడిగితే, బుట్ట పెద్దదని చెప్పింది.

డిసెంబరులో ఫలితాలు వచ్చాయి. తర్కశాస్త్రంలో ఫానుస్ ఉత్తీర్ణుడయ్యాడు. వచ్చే అక్టోబరులో నీతిశాస్త్రం పేపరు ఉంది కనుక చెట్టు ప్రస్తావన ఆ ఇంట్లో మళ్లీ రాలేదు.