పట్నం జట్టుకు భక్షాలు

హనుమాన్ జయంతి నాడు పొద్దున్నే మారయ్య తలస్నానం చేసి, దేవుని ముందు దీపం వెలిగించి, పట్నం నుంచి వచ్చే కబడ్డీ జట్టుకు లేవలేనంత అన్నం పెట్టాలని సంకల్పం చెప్పుకున్నాడు.

మారయ్యకు రామన్నపేటలో ఇనుప సామాను దుకాణం ఉంది. ఏటా జయంతికి జరిగే కబడ్డీ పోటీల కమిటీలో ఆయన పెద్దమనిషి. మంగళవారం ఉపవాసం, శనివారం గుడి ఎప్పుడూ తప్పనివాడు. ఎవరికీ కీడు తలపెట్టే మనిషి కాదని ఊరంతా అనుకునేది. ఆయన కూడా అదే అనుకునేవాడు.

నిరుడు ఫైనల్లో ఆ హైదరాబాద్ జట్టే రామన్నపేటను ఓడించి కప్పు పట్టుకుపోయింది. పోతే పోయింది. పోయే ముందు ఆ జట్టు కెప్టెన్, ఎవరో ఫోను మొహం ముందు పెడితే, నవ్వుతూ, "మంచి ప్రాక్టీస్ అయింది" అన్నాడు. ఆ ఒక్క మాట ఏడాది పొడుగునా రామన్నపేటను పట్టుకుని వేలాడింది. మారయ్య సరుకు కోసం నార్కట్‌పల్లి వెళ్తే అక్కడి చాయ్ హోటల్లో, "ప్రాక్టీస్ ఊరోళ్ళు వచ్చిండ్రు, చాయ్ పొయ్యుండ్రి" అన్నారు. ఆయన ఆ చాయ్ సగమే తాగి లేచి వచ్చాడు.

పక్కనున్న చిట్యాల మీద ఓడితే రెండు రోజులు బాధ ఉంటుంది, మూడో రోజు మరిచిపోతారు. పట్నం మీద ఓడితే ఎందుకు మరుపు రాదు? మారయ్య దీని గురించి చాలాసార్లు ఆలోచించాడు. రోగమొస్తే పట్నమే, కొలువుకు పట్నమే, పెద్ద చదువుకు పట్నమే. పోచంపల్లిలో నేసిన చీరను కూడా పట్నం పోయి కొనుక్కొచ్చి గొప్పగా చూపించేవాళ్ళున్నారు. అన్నీ అక్కడే పెట్టుకున్నవాళ్ళకు ఊళ్ళో ఉన్న ఒక్క కప్పు కూడా కావాలా? పైగా ఆ జట్టు వెనకే వ్యాన్లలో అభిమానులు. పసుపు చొక్కాలు, డప్పులు. బస్టాండు ముందు దారికి అడ్డంగా ఎగురుతూ, ఇది ఊరా, స్టాపా అని అడిగి నవ్విన పిల్లలు. మారయ్యకు జట్టు మీద కన్నా ఆ పసుపు చొక్కాల మీదే ఎక్కువ మంట.

ఈసారి కూడా ఫైనల్ పట్నానికీ రామన్నపేటకీ మధ్యే పడింది. అయితే ఇప్పుడు సంగతి కప్పు ఒక్కటే కాదు. మారయ్య చెల్లెలు అమృతమ్మ కొడుకు నవీన్ రామన్నపేట జట్టులో కూతకు వెళ్ళే ఆటగాడు. బావిలో మునిగాడంటే గట్టు మీద ఉన్నవాళ్ళకు భయం పుట్టేదాకా పైకి రాడు, అంత దమ్ము. రాష్ట్ర శిబిరానికి రెండుసార్లు పేరు పంపితే, పెద్ద జట్టు మీద ఆడగా చూడలేదని పక్కన పెట్టారు. ఈ ఏడాది ఆటగాళ్ళను ఎంపిక చేసే సుమన మేడమ్ స్వయంగా ఫైనల్ చూడ్డానికి వస్తోంది. వయసు దాటకముందు నవీన్‌కు ఇదే ఆఖరి అవకాశం. పట్నం ఆటగాళ్ళు కొంచెం బరువుగా కదిలితే నవీన్ వెలుగుతాడు. మారయ్య ఆలోచన అంతే.

"స్వామీ, అన్నం పెట్టుడు పాపమైతదా?" అని దీపం ముందు నిలబడి అడిగాడు. స్వామి ఏమీ అనలేదు. మారయ్య దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాడు.

పట్నం పిల్లలకు మధ్యాహ్నం మన ఇంట్లోనే భోజనమని భార్య ప్రమీలమ్మకు చెబితే ఆమె చాటలో పప్పు వదిలేసి ఆయన మొహంలోకి చూసింది. నిరుడు ఆ పిల్లలను వారం రోజులు తిట్టిన మనిషి ఇతనే. దేవుడే బుద్ధి మార్చాడనుకుని ఆమె కళ్ళు తుడుచుకుంది. పక్కింటి ఉప్పలమ్మను పిలిచి పొయ్యి మీద పెద్ద గంజు ఎక్కించింది. శెనగపప్పు పూర్ణం పెట్టిన నేతి భక్షాలు, గారెలు, పులిహోర, ముద్దపప్పు, పరమాన్నం. మారయ్య మాటిమాటికి వంటింట్లోకి వచ్చి, నెయ్యి తక్కువ చేయవద్దని చెప్పి వెళ్ళాడు. ఆమె ఆ మాటకు మరింత మురిసిపోయింది.

పట్నం జట్టు మధ్యాహ్నానికల్లా దిగింది. కెప్టెన్ గోపీకృష్ణ, నిరుడు ప్రాక్టీస్ అన్నవాడే, చెప్పులు బయట విడిచి వచ్చి దండం పెట్టాడు. ఆట ముందు భోజనం చేసే అలవాటు లేదని, తలా రెండు అరటిపండ్లు చాలని మర్యాదగా చెప్పాడు. మారయ్య ఈ మాట వస్తుందని తెలిసే ఉన్నాడు.

"అన్నం కాదు బిడ్డా, ప్రసాదం. జయంతి నాడు హనుమంతుని ప్రసాదం వద్దంటరా?"

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని బంతికి కూర్చున్నారు. మారయ్య తువ్వాల నడుముకు బిగించి స్వయంగా వడ్డించాడు. చెయ్యి అడ్డం పెట్టినవాడికి చేతి మీదే భక్షం వేశాడు. చాలన్నవాడికి ఆ మాట దేవునికి చెప్పమన్నాడు. అంతా అనుకున్నట్టే సాగుతోంది.

అంతలో పసుపు చొక్కాలు వాకిట్లోకి వచ్చి, ప్రసాదం తమకు కూడా పెడతారా అని అడిగాయి. వాళ్ళు ఆయన లెక్కలో లేరు. కానీ ప్రసాదం లేదని ఏ నోటితో అనాలి? డప్పులు గోడకు ఆనించి వాళ్ళూ కూర్చున్నారు. ఉప్పలమ్మ మళ్ళీ పిండి కలిపింది.

ఆ వాసన వీధి దాటింది. రామన్నపేట జట్టు పిల్లలు గేటు దగ్గర నిలబడి తొంగిచూడటం ప్రమీలమ్మ కంట పడింది. వచ్చినవాళ్ళకు పెట్టి సొంత పిల్లలను వాకిట్లో నిలబెట్టడం ఆమెకు చేతకాలేదు. అందరినీ లోపలికి పిలిచి రెండో బంతి వేసింది. మారయ్య ఆమెకు కళ్ళతో సైగ చేశాడు. నెయ్యి అయిపోయిందంటున్నాడనుకుని ఆమె ఇంకో గిన్నె తెచ్చింది. తల అడ్డంగా ఊపాడు. పెద్ద గిన్నె తెచ్చింది.

నవీన్ మాత్రం నిలబడే ఉన్నాడు. "అత్తా, నాకొద్దు. జర మ్యాచ్ అయినంక తింట."

"పట్నం పోరగాండ్లు తింటలేరా? నీకేమైంది? దేవుని ప్రసాదం వద్దంటవా?" అంది ప్రమీలమ్మ.

"వద్దంటే ఒదిలెయ్యరాదే, వానికి ఆకలి లేదేమో" అన్నాడు మారయ్య.

ప్రమీలమ్మ గరిటె కింద పెట్టింది. "ఏమయ్యా, పరాయోళ్ళు చేతులు అడ్డం పెట్టినా ఇడవకుండ పెడుతున్నవు. మేనల్లుని ఇస్తరి కాడికి వచ్చినంక చెయ్యి ముడుచుకుంటున్నవా? అమృత ఇంటే ఏమనుకుంటది?"

అందరూ మారయ్య వంకే చూస్తున్నారు. ఆయన మొహం కాలిన పెనంలా అయింది. ఏమని చెప్పాలి? ఇది ప్రసాదం కాదు, పన్నాగం అని చెప్పాలా? వంగి, తన చేత్తోనే నవీన్ ఇస్తరిలో రెండు భక్షాలు వేసి, నెయ్యి పోశాడు. మామ చేత్తో పెట్టినదాన్ని నవీన్ వదలలేక మొత్తం తిన్నాడు.

సాయంత్రం బడి మైదానంలో ఆట మొదలైంది. రామన్నపేట అలాంటి ఆట అంతకు ముందు చూడలేదు. పట్నం కుర్రాడు కూతకు వచ్చి, గీత దాటాక రెండడుగులు వేసి, ఏదో మరిచిపోయినవాడిలా నిలబడ్డాడు. పట్టుకోవలసినవాళ్ళు కూడా వంగలేక నడుము మీద చేతులు వేసుకుని అతన్ని చూశారు. కొంతసేపు రెండు పక్షాలూ అలా పరామర్శకు వచ్చినట్టు నిలబడి, తర్వాత అతను వెనక్కి నడిచి వెళ్ళిపోయాడు. పసుపు చొక్కాలు వేపచెట్టు కింద డప్పులు తలగడలుగా పెట్టుకుని నిద్రపోయాయి.

నవీన్ కూతకు వచ్చినప్పుడు మాత్రం జనం లేచి నిలబడ్డారు. సుమన మేడమ్ కుర్చీ ముందుకు జరుపుకుంది. నవీన్ "కబడ్డీ, కబడ్డీ" అని రెండుసార్లు అన్నాడు, మూడోసారి ఎక్కిళ్ళు వచ్చాయి. కూత తెగింది. అంపైర్ చెయ్యి ఎత్తాడు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఎక్కిళ్ళే. చివరికి రామన్నపేట ఆటగాడొకడు కడుపు పట్టుకుని వాంతికి గీత దాటి పరుగెత్తడంతో, ఆ ఒక్క పాయింటుతో పట్నం మళ్ళీ గెలిచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

సుమన మేడమ్ సంచీ సర్దుకుంది. నవీన్ ఎదురుగా వెళ్ళి నిలబడితే ఆమె కోపంగా కూడా మాట్లాడలేదు. "కూతకు దమ్ము ముఖ్యం తమ్మీ. నీకు శానా దమ్మున్నదని చెప్తే ఇంతదూరం వచ్చిన" అని మాత్రం అంది.

ఆ పిల్లవాడు మామ వంక చూశాడు. ఆ చూపులో నింద లేదు. నిందించడానికి అతనికి ఏమీ తెలియదు. మారయ్యకు అదే తట్టుకోలేకుండా అయింది.

సరిగ్గా అప్పుడే మైకు పట్టుకున్న సాయిలు, అతిథి జట్టుకు కన్నతండ్రిలా అన్నం పెట్టి రామన్నపేట పేరు నిలబెట్టిన మారయ్యకు సన్మానమని ప్రకటించాడు. నలుగురు చేతులు పట్టి వేదిక ఎక్కించారు. శాలువా కప్పారు. పట్నం జట్టు పిల్లలు వరసగా వచ్చి కాళ్ళకు దండం పెట్టారు. ప్రతి దండానికీ మారయ్య ఒక అడుగు వెనక్కి జరిగాడు. చివరికి వేదిక అంచుకు వచ్చాడు. ఇక జరగడానికి చోటు లేదు. ఎదురుగా గుడి గోపురం కనిపిస్తోంది. సుమన మేడమ్ కారు తలుపు తీస్తోంది.

మారయ్య సాయిలు చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"మేడమ్, జర ఆగుండ్రి. పిల్లగాని తప్పులేదు. వీళ్ళు ఉరకకుండ జెయ్యాలని నేనే పెట్టిన. ప్రసాదమని దేవుని పేరు చెప్పి పెట్టిన. మా నవీన్‌కు గూడా నా చేతితోనే పెట్టిన. ఈ శాలువా నాకొద్దు."

మైకు కీచుమంది. ఆడవాళ్ళ వరసలో ప్రమీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొద్దున దేవుడే బుద్ధి మార్చాడనుకుని కళ్ళు తుడుచుకున్నది అదే కొంగుతో. మారయ్య ఆమెను చూడలేక చెప్పులను చూసుకున్నాడు.

గోపీకృష్ణ వేదిక దగ్గరికి వచ్చాడు. "పెద్దనాయినా, మూడో భక్షం కాడనే నాకు సమజైంది" అన్నాడు నెమ్మదిగా.

"మరి ఎందుకు తిన్నవు బిడ్డా?"

"యే ఊరికి పోయినా మాకు నీళ్ళు గూడా అడిగితేనే ఇస్తరు. పట్నపోళ్ళంటే అందరికి మంట. మాది పట్నమేంది పెద్దనాయినా, మా అమ్మోళ్ళది అచ్చంపేట దిక్కు, మట్టిపనికి పోయి ఆడనే ఉన్నరు. చెయ్యి అడ్డం పెట్టినా వడ్డించేది మా అవ్వ ఒక్కతే ఉండె. ఆమె పోయినంక గట్ల ఎవ్వరు పెట్టలే. కావాలని పెడుతున్నవని తెల్సినా వద్దన బుద్ధి కాలే." తల దించుకుని, "నిరుడు ప్రాక్టీస్ అన్నది గెలిచిన పొగరుల అన్న. మా అమ్మ ఫోన్ల జూసి, మన అసొంటోళ్ళనే గట్లంటవా అని నాలుగు దినాలు మాట్లాడలే" అన్నాడు.

వేదిక మీద ఇద్దరు సిగ్గుపడుతున్న మనుషులు ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు. శాలువా ఎవరికి కప్పాలో తెలియక సాయిలు దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే, ఎండ రాకముందు, ఖాళీ కడుపులతో మళ్ళీ ఆడదామన్నది గోపీకృష్ణే. సుమన మేడమ్ కారు ఎక్కకుండానే తలుపు మూసింది. ఆ రాత్రి అందరికీ మారయ్య ఇంట్లో పలుచని మజ్జిగ ఒక్కటే. ప్రమీలమ్మ అందరికీ పోసి, భర్త గ్లాసు మాత్రం మాట్లాడకుండా ఆయన ముందు పెట్టి వెళ్ళింది. మారయ్య అది సగమే తాగి లేచాడు.

తెల్లవారి ఆటలో కూడా పట్నమే గెలిచింది. కానీ నవీన్ ఒక్క కూతలో ముగ్గురిని తాకి, కాళ్ళు పట్టుకున్నా గీతను చేతితో అందుకున్నాడు. సుమన మేడమ్ అతని పేరు రాసుకుంది. మారయ్య గుడికి పోయి లెంపలు వేసుకున్నాడు. స్వామి అప్పుడు కూడా ఏమీ అనలేదు. ఈసారి మారయ్య దానికి అర్థం చెప్పుకోలేదు.

శిబిరంలో నవీన్ బాగా ఆడాడు. అక్కడ చూసిన పట్నం జట్టువాళ్ళే అతన్ని తీసుకున్నారు. అమృతమ్మ ఊరంతా చక్కెర పంచింది. మరుసటి జయంతికి పట్నం వ్యాను రామన్నపేటలో ఆగితే, పసుపు చొక్కాతో మొదట దిగింది నవీనే. జనంలో సగం మంది అతన్ని చూసి ఈలలు వేశారు, సగం మంది తిట్టారు. మారయ్య మేనల్లుని సంచీ అందుకుని ఇంటికి దారి తీశాడు. ఇంట్లో ఆ పూట అందరికీ తలా రెండు అరటిపండ్లు పెట్టాడు.

పట్నం జట్టు గెలిచింది. ఎవరో ఫోను మొహం ముందు పెడితే నవీన్ చెమట తుడుచుకుంటూ, నవ్వుతూ, "మంచి ప్రాక్టీస్ అయింది" అన్నాడు.

చీకటి పడేలోపు ఆ వీడియో ఊరంతా తిరిగింది. నార్కట్‌పల్లి చాయ్ హోటలాయన, నీ మేనల్లుడేనా అని ఫోను చేసి మరీ అడిగాడు. మారయ్య తల వంచుకుని అవునన్నాడు. తర్వాత చాలాసేపు అరుగు మీద కూర్చుని, లోపలికి వచ్చి, వచ్చే ఏటికి శెనగపప్పు ఎంత నానబెట్టాలని ప్రమీలమ్మను అడిగాడు.