గోడ పక్క పేషెంటు

కళ్ళజోళ్ళాయనకి ఊళ్ళో మంచి పేరుంది. తడుముకుంటూ షాపుకొచ్చినవాణ్ణి దారి చూసుకుంటూ వెళ్ళేలా చేసి పంపుతాడు. అంతమంది చూపు సరిచేసినవాడు పెళ్ళాం చూపు తనవైపు తిప్పుకోలేక మాత్రం నానా అవస్థా పడుతున్నాడు.

పెళ్ళాం డాక్టరమ్మ. మామూలు డాక్టరమ్మ కాదు, ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ. కింద ఆయన షాపు, పైన వాళ్ళిల్లు. ఇన్నేళ్ళూ ఆవిడ పొద్దున్నే ఆసుపత్రికి పోతే చీకటి పడ్డాక ఇల్లు చేరేది. పోయినేడు ఆసుపత్రివాళ్ళు ఇంట్లోనే ఓ గదిలో గోడంత తెర బిగించిపోయారు. ఎక్కడో కొండమీది ఆసుపత్రిలో డాక్టరు కత్తి పట్టుకుంటే, ఈవిడ ఇక్కణ్ణుంచి తెరమీద వేలితో గీత గీసి "ఇక్కడ కొయ్యి నాయనా" అంటుంది. మిగతా వేళల్లో దూరాన ఉన్న పేషెంట్లని తెరలోంచే చూస్తుంది. రేపో మాపో మరచేతులు కూడా వస్తాయట. ఈవిడ ఇక్కడ వేలు కదిపితే అక్కడ కుట్లు పడతాయట.

తెర బిగించిన రోజు కళ్ళజోళ్ళాయన ఒళ్ళు తెలియకుండా మురిసిపోయాడు. ఇక నా పెళ్ళాం రోజంతా నా ఇంట్లోనే అనుకున్నాడు. నిజమే, ఇంట్లోనే ఉంది. మధ్యలో ఓ తలుపుంది, అంతే.

ఆ తలుపుకి చెవి ఆనిస్తే వినపడేది, "రాత్రి నిద్ర పట్టిందా పెద్దాయనా? ఏమైనా తిన్నారా? దిగులు పడకండి, నేనున్నాగా." ఆ గొంతు వినడానికి ఆయన పనిలేకపోయినా అటూ ఇటూ తచ్చాడేవాడు. బయటికొచ్చాక ఆయనతో ఆవిడ అనేది ఒక్కటే, "ఏవండీ, నీళ్ళ మోటారు కట్టేశారా?"

ఓ రోజు అన్నాల దగ్గర ధైర్యం చేశాడు.

"ఇదిగో, నాకు నడుం పట్టేసింది."

"ఆయింట్‌మెంటు అలమారలో ఉంది."

"గుండెలో కూడా ఏదోలా ఉంది."

"మెల్లగా తినండి, సర్దుకుంటుంది. నాకు టైమైంది." తలుపు పడింది.

అదే పేషెంటైతేనా! కళ్ళజోళ్ళాయన బుర్రలో లైటు వెలిగింది. తనూ పేషెంటైపోతే సరి.

మర్నాడు షాపు మూసి పైకొచ్చాడు. దొంగపేరుతో అపాయింట్‌మెంటు తీసుకున్నాడు. వయసు పదేళ్ళు తగ్గించాడు. ఆడేది ఎలాగూ అబద్ధమే, కాస్త అందంగా ఆడదామని. షాపులో ఉన్నవాటిల్లోకెల్లా పెద్ద నల్లకళ్ళజోడు పెట్టి, మఫ్లరు ముక్కుదాకా చుట్టి, వంటింటి పక్కన సామాన్ల గదిలో డబ్బాల మధ్య సెల్‌ఫోను పట్టుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ గదికీ, ఆ గదికీ ఒకటే గోడ.

"నమస్కారమండీ. ఏమిటి మీ ఇబ్బంది?"

ఆ పలకరింపుకే ఆయనకి సగం జబ్బు తగ్గింది.

"దిగులండీ," అన్నాడు గొంతు బొంగురు చేసి.

"ఎక్కడ?"

"ఒళ్ళంతా."

"ఆకలి వేస్తోందా?"

"వేస్తుందండీ. ఎదురుగా కూర్చుని తినేవాళ్ళే లేరు."

"పెళ్ళి కాలేదా?"

"అయ్యిందండీ. ఆవిడ గోడ పక్కనే ఉంటుంది. చంద్రమండలంలో ఉన్నా వారానికోసారి కబురు తెలిసేది."

"ఆవిడ ఏం చేస్తుంటారు?"

"లోకాన్నంతా పలకరిస్తుంటుందండీ."

డాక్టరమ్మ తలొంచుకుని ఏదో రాసుకుంది. అంతలో వంటింట్లో కుక్కరు మళ్ళీ కూసింది.

"మీ కుక్కరు మూడుసార్లు కూసింది. స్టవ్ కట్టేసి రండి," అంది.

పరిగెత్తుకెళ్ళి కట్టేసి వచ్చాడు. పేషెంటు పొయ్యి గురించి కూడా పట్టించుకునే డాక్టరు ఎక్కడైనా ఉంటుందా అని లోలోపల పొంగిపోయాడు.

"మీది మామూలు కేసు కాదండీ. పెద్ద డాక్టర్లకి చూపించాలి," అందావిడ.

వద్దండీ అనేలోగా సెల్‌ఫోన్లో గుండె డాక్టరు ప్రత్యక్షమయ్యాడు. ఆ వెనకే మనసు డాక్టరు, ఆ వెనకే కొండమీది ఆసుపత్రి నర్సమ్మలు.

"నాలుక చాపండి." చాపాడు.

"గట్టిగా దగ్గండి." దగ్గాడు. గోడకి ఇవతలా అవతలా ఒకే దగ్గు మోగింది.

"ఒంటికాలి మీద నిలబడండి."

నిలబడ్డాడు. తూలాడు. ఆసరా కోసం డబ్బాల అరని పట్టుకున్నాడు. అర ఆయన్ని పట్టుకుంది. డబ్బాలన్నీ దబదబా మీద పడ్డాయి. కళ్ళజోడు ఒక మూలకి, మఫ్లరు ఒక మూలకి ఎగిరాయి.



"బావగారూ, దెబ్బ తగల్లేదు కదా?" అన్నాడు గుండె డాక్టరు. "మీ పెళ్ళిలో పక్కన నిలబడ్డవాణ్ణి. మఫ్లరు చుడితే మాత్రం గుర్తుపట్టనా?"

నర్సమ్మలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

"ఈ జబ్బు తెరలోంచి తగ్గేది కాదు," అంది డాక్టరమ్మ గోడ అవతల నుంచీ, సెల్‌ఫోన్లోంచీ. "చేత్తో చూడాలి. డబ్బాలు దాటుకుని ఇలా రండి."

దొంగపిల్లిలా వెళ్ళాడు. ఆవిడ తెర ఆపేసి, కుర్చీ చూపించి, ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఇప్పుడు చెప్పండి."

నల్లద్దాల చాటున గలగలా మాట్లాడినవాడు ఎదురుగా ఆ కళ్ళు చూస్తుంటే తెర వంక చూపు తిప్పుకున్నాడు.

"ఏం లేదు," అన్నాడు.

"ఇందాక అందరూ వినేలా చెప్పారుగా?"

"అది పేషెంటు చెప్పాడు."

"అయితే ఆ పేషెంటుకి నా మాటగా చెప్పండి. కూర్చుని కూర్చుని నా మెడ పట్టేసి వారమైంది. అందరి నొప్పులూ నేను అడుగుతాను, నన్నడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. ఈ తలుపుకి నేనేనాడూ గడియ వెయ్యలేదు. చెవి ఆనించే మనిషికి చేత్తో తొయ్యాలని తోచలేదా?"

కళ్ళజోళ్ళాయన తల దించుకున్నాడు. ఏదో అనబోయాడు. ఈలోగా తెర మోగింది. ఆవిడ ఎడమచేత్తో మీట నొక్కింది. కుడిచెయ్యి మాత్రం ఆయన మణికట్టు మీదే ఉంది.

తెరమీద ఓ ముసలమ్మ.

"డాక్టరమ్మా, పక్కన ఎవరు తల్లీ?"

"ఇంకో పేషెంటు అవ్వా."

"అయ్యో పాపం. ఏం జబ్బు?"

"నాడి చూస్తున్నాను. ఇంకా అందలేదు."

నాడేమో వీధి చివరిదాకా వినపడేంత గట్టిగా కొట్టుకుంటోంది. అది చూడ్డానికి ఒక్క నిమిషం చాలని ఆయనకీ తెలుసు. కింద ఎవరో షాపు షట్టరు దబదబా బాదుతున్నారు.

"మీరు కదలకండి," అంది డాక్టరమ్మ ఆయన వంక చూడకుండానే.

కదిలితే ఒట్టు.