దిబ్బ వేలిముద్ర

ఇసుక దిబ్బకి తీరరక్షకుడి ఉద్యోగం ఇచ్చాక, మిగతా ఉద్యోగుల్లాగే అదీ నెలకోసారి బస్సెక్కి మండలాఫీసుకొచ్చి వేలిముద్ర వేసి వెళ్తోంది. సీట్లలో ఇసుక రాలుతోందని కండక్టర్ గొణగడం తప్పిస్తే ఎవరికీ ఇబ్బంది లేదు.

ఉద్యోగం ఊరికే రాలేదు లెండి. పదకొండేళ్ల కిందట సముద్రం రెండు వీధులు మింగేస్తే, సూరాడ ఎర్రమ్మ ఒక్కతే ఒడ్డున తాటాకు దడి కట్టింది. గాలి మోసుకొచ్చిన ఇసుక దడి దగ్గర ఆగేది. ఆగిన ఇసుకలో తీగముక్కలు పాతి, ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో నొక్కేది. జనం నవ్వారు. దిబ్బ మోకాలెత్తయింది, నడుమెత్తయింది, తాటిచెట్టులో సగమయింది. పోయిన తుపానుకి కెరటం దానిదాకా వచ్చి, తలొంచుకుని వెనక్కి పోయింది. ఏం మనిషిరా బాబూ అన్నారు, నవ్వినవాళ్లే.

చిక్కల్లా గాలితో వచ్చింది. గాలికి దిబ్బ మీద గీతలు రోజూ మారతాయి కదా, రెండు నెలలు ముద్ర కలవలేదు. మూడోసారీ కలవకపోతే దిబ్బ లేనట్టే. లేని దిబ్బలోంచి ఇసుక లారీలకెత్తడానికి అనుమతి సిద్ధంగా ఉంది. అది పోతే వెనకున్న నలభై ఇళ్లూ పోతాయి. అందుకే ఈసారి ఎర్రమ్మ తోడొచ్చింది.

"ఇది ఆ దిబ్బేనని సాక్షిముద్ర వెయ్యమ్మా," అన్నాడు గుమస్తా భుజంగరావు.

ఎర్రమ్మ వేలు పెట్టింది. అలాంటి మనిషే లేదంది మిషన్. ఇసుకలో పదకొండేళ్లు అరిగిన వేలికి గీతలెక్కడుంటాయి? తర్వాత దిబ్బ తన ముద్ర వేసింది. పచ్చదీపం వెలిగింది. సూరాడ ఎర్రమ్మ, స్త్రీ, జీవించి ఉంది అని వచ్చింది.

భుజంగరావు మంచివాడు, దారి వెతికాడు. "ముద్ర ఎవరిదైతే మనిషి వాళ్లే. కాబట్టి ఇది ఎర్రమ్మ. దిబ్బ పోస్టు ఖాళీ అయింది, అందులో నిన్ను వేస్తున్నాను. గీతల్లేని వేలు ఏ నెలైనా ఒకేలా ఉంటుంది, ఇక పేచీ లేదు. లారీలూ రావు. ఏమీ అనుకోకమ్మా."

"నానేటనుకుంతాను బాబూ. పదకొండేళ్లుగా సేత్తన్న పనే గదా."

అప్పట్నుంచి ఎర్రమ్మ ఒడ్డున డ్యూటీలో ఉంది. దిబ్బలకి ఆకలుండదు గనక రేషన్ కార్డు కొత్త ఎర్రమ్మకి వెళ్లింది. అది ప్రతి నెలా వరసలో నిలబడి, బియ్యం తెచ్చి ఈవిడకే ఇస్తుంది. బియ్యంలో ఇసుక ఉందని ఈవిడ ఎవరికీ ఫిర్యాదు చెయ్యదు. నీళ్లలో గాలించి, అడుగున మిగిలింది తీసుకెళ్లి దిబ్బ మీదే పోస్తుంది.