పడమటి వీధికి తూర్పు బాణం

పడమటి వీధి మూడు రోజులు గొంతెండి కూర్చుందంటే, ఆ పాపం ఎండది కాదు, డ్రైవరుదీ కాదు. నీళ్ల ఆఫీసులో కుర్చీలకు అతుక్కుపోయిన పెద్దలారా, మీది!

ఆ సోమవారం పొద్దున పని చిన్నదే. డ్రైవరు ట్యాంకరు నింపుకుని, పడమటి వీధిలో తన చెల్లెలి ఇంటి ముందు మొదటి పైపు విప్పాలి. ఇరవయ్యేళ్లుగా కళ్లు మూసుకుని పోయే దారి. అంతలో మేనేజరు అతని చేతిలో ఒక ఫోను పెట్టాడు.

"ఇకనుంచి ఇందులో బాణం ఎటు చూపిస్తే అటే. దారి తప్పావో, సస్పెండు!"

బాణం తూర్పు చూపించింది.

"సార్, పడమటి వీధి పడమరనే కదండీ?"

"నీకంటే కంప్యూటరుకు బాగా తెలుసు. పద!"

మూడు కిలోమీటర్లంది ఫోను. సరిగ్గా మూడు కిలోమీటర్లు పోయాడు. ఎదురుగా చెరువు. పొద్దున ట్యాంకరు నింపింది ఆ నీళ్లతోనే! "ఖాళీ చేయండి" అంది ఫోను. చేశాడు. ఉద్యోగం కదా! మూడు రోజులూ చెరువు నీళ్లు చెరువుకే.

బుధవారం రెండు పిడుగులు ఒకేసారి పడ్డాయి. పడమటి వీధికి నీళ్లెందుకు పోయలేదో చెప్పకపోతే ఉద్యోగం పోతుందని మేనేజరు మెమో. ఆ వెంటనే చెల్లెలి ఫోను.

"ఏం అన్నయ్యా, ఊరందరికీ పోస్తావు, తోడబుట్టినదానికి చుక్క లేదా?"

"మీ ఆయన్నే అడుగమ్మా. ఆ బాణం చేసిన మహానుభావుడు ఆయనే!"

ఆ ఆఫీసు ప్రోగ్రామరు సాక్షాత్తూ చెల్లెలి మొగుడు. అతని లెక్కలో ఉత్తరం సున్నా, తూర్పు తొంభై, పడమర మైనస్ తొంభై డిగ్రీలు. డ్రైవరు వెళ్లి అతన్ని నిలదీశాడు.

"తెర మీద ఆ మైనస్ అసహ్యంగా ఉంది బావా, తీసేశాను."

"తీసేసి, ఒకసారి చూసుకోవద్దా?"

"చూశాంగా! మేనేజరుగారింటికి పదిసార్లు వెళ్లాం. ఒక్కసారీ తప్పలేదు."

ఎలా తప్పుతుంది? మేనేజరు ఇల్లు తూర్పున!

పెళ్లాం ఖాళీ బిందె చూపించేసరికి ప్రోగ్రామరు కంప్యూటరు దగ్గరికి పరిగెత్తాడు. తీసేసిన మైనస్ తిరిగి పెట్టొచ్చుగా? పెట్టలేదు. అన్ని బాణాలనూ ఒక్కసారిగా పడమటికే తిప్పేశాడు. గురువారం ఊళ్లోని ట్యాంకర్లన్నీ పడమటి వీధికే వచ్చాయి. బిందెలు నిండాయి, డ్రమ్ములు నిండాయి, వీధి నిండింది. మేనేజరు మొహానికి సబ్బుతో ఫోను చేశాడు.

"నీళ్లేవయ్యా?"

"మీ ఇంటికే బయల్దేరాను సార్. బాణం మా చెల్లెలింటికి తెచ్చింది."

"మా ఇల్లు తూర్పున కదయ్యా!"

"మీకంటే కంప్యూటరుకు బాగా తెలుసు సార్."

"దారి నీకు తెలుసుగా, వచ్చెయ్!"

"తప్పితే సస్పెండన్నారు. మెమో రద్దని కాగితం పంపండి, వస్తాను."

పావుగంటలో కాగితం వచ్చింది, సబ్బు మరకతో.

ఇక వినండి, పెద్దలారా! మైనస్ వస్తే మూడువందల అరవై కలపండి, రెండువందల డెబ్బై వస్తుంది, పడమర పడమరే అవుతుంది. కొత్త బాణం దింపేముందు మేనేజరునూ ప్రోగ్రామరునూ ట్యాంకరెక్కించి నాలుగు దిక్కులూ తిప్పండి. దారి తెలిసినవాడి మాట వినండి. చెరువుకు నీళ్లు పోయడం ఆపండి, అది అడగలేదు.