ఎవరికీ తెరుచుకోని పోర్ట్

కంప్యూటర్‌కు భద్రత అంటే ఎలా ఉండాలి? దొంగ సంగతి సరే, బాగుచేసేవాడు కూడా లోపలికి రాలేనంత గట్టిగా ఉండాలి! నమ్మరా? అయితే హిందీవాళ్ల ఊరు సిల్తారాలో ఓ స్టీలు ఫ్యాక్టరీ గేటు పక్కన, లారీల కాటా దగ్గర పనిచేసే ఊర్మిళ సంగతి వినండి.

అక్కడి కంప్యూటర్లు చూసే దానయ్యను పోయిన నెల ఇంటికి పంపేశారు. పదకొండేళ్ల సర్వీసు! ఇక మనిషెందుకు? హైదరాబాద్ హెడ్డాఫీసులో కూర్చునే రిమోట్‌లో రిపేరు చేసే టూల్ వచ్చింది. కంప్యూటర్‌లోకి వెళ్లే ద్వారం, అంటే పోర్ట్, అందరికీ తెలిసిందయితే దొంగలు ఆ దారినే దూరతారని, దానికి సొంతంగా ఓ కొత్త నంబరు కూడా పెట్టారు. ఎంత ముందుచూపు!

సోమవారం పొద్దున్నే కాటా కంప్యూటర్‌లో బరువు సున్నా దగ్గర ఆగిపోయింది. బొగ్గు లారీ ఎక్కినా సున్నాయే! ఊర్మిళ హెడ్డాఫీసు సపోర్టుకు ఫోన్ చేసింది.

"లోపలికి రాలేకపోతున్నాం మేడమ్. మా కొత్త పోర్ట్‌ను మీ కంప్యూటర్‌కు కాపలా ఉండే ఫైర్‌వాల్ ఆపేస్తోంది. దాన్ని తెరవాలి."

"తెరవండి మరి."

"తెరవాలంటే మేం లోపలికి రావాలి."

"రండి!"

"రావాలంటే అది తెరిచుండాలి కదా మేడమ్?"

"పోనీ, నేను తెరవనా?"

"మీకు పర్మిషన్ లేదు. సెక్యూరిటీ!"

రెండు గంటలు గడిచాయి. "కాంటా కబ్ చలేగా, మేడమ్?" అంటూ, కాటా ఎప్పుడు నడుస్తుందని డ్రైవర్లు కిటికీ బాదుతున్నారు. ఊర్మిళకు ఏడుపొక్కటే తక్కువ. చివరికి సిగ్గు విడిచి దానయ్యకు ఫోన్ చేసింది. ఆయన్ను తీసేసిన రోజు, ఎవరేమనుకుంటారోనని పలకరించను కూడా లేదు మరి.

దానయ్య తనుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ నుంచి స్కూటర్ మీద వచ్చాడు. పాస్ లేదని గార్డు ఆపాడు. ఊర్మిళే వెళ్లి, తన పేరు మీద రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకొచ్చింది.

ఆయన కంప్యూటర్‌ను ముట్టనే లేదు. బల్ల కింద దూరాడు.

"కాటా నుంచి వచ్చే వైరు ఎలక కొరికేసిందమ్మా. బస్, ఇంతే. హైదరాబాద్ నుంచి చూస్తే ఎలక కనబడుద్దా?"

వైరు అతికించాడు. ఐదు నిమిషాల్లో లారీలు కదిలాయి.

"బాబాయ్, ఆ రోజు నేను..."

"ఛోడో, వదిలెయ్ అమ్మా. నీ నౌకరీ నువ్వు చూసుకోవాల గదా."

మర్నాడు హెడ్డాఫీసు నుంచి రెండు మెయిళ్లు వచ్చాయి. సమస్యను రిమోట్ సపోర్టు విజయవంతంగా పరిష్కరించిందని ఒకటి, అందరికీ. అనుమతి లేని వ్యక్తి ఏ మార్గంలో ప్రవేశించాడో సంజాయిషీ ఇవ్వమని రెండోది, ఊర్మిళకు.

ఊర్మిళ ఈసారి ఎవరేమనుకుంటారోనని చూడలేదు. ఒక్క వాక్యం టైపు చేసి పంపేసింది:

"తమరి పోర్ట్ మూసి ఉన్నందున, మా గేటు గుండా."