సరసానికి ముందస్తు అనుమతి

మానవ నాగరికతలో దరఖాస్తు ఫారం లేకుండా ఇంతకాలం సాగిపోయిన వ్యవహారం సరసం ఒక్కటే. ఆ లోటును 2014లో మెల్‌బోర్న్‌లో, మా యూనివర్సిటీ బార్‌లో, డార్ట్ బోర్డు పక్క టేబుల్ దగ్గర మేం తీర్చాం. (చరిత్రకారులు ఇంకా గుర్తించలేదు. తొందరేం లేదు.)

కారకుడు మార్క్, పేరు అలా ఉన్నా తెలుగువాడే. చదువు మాస్టర్స్, మకాం ఊరి శివారు క్రెయిగీబర్న్‌లో, ఆ బార్‌లో పార్ట్‌టైమ్‌గా బీరు పోయడం, ఫుల్‌టైమ్‌గా అమ్మాయిలు. కనపడిన ప్రతి తెలుగమ్మాయికీ ఒకటే డైలాగు: "మీ నవ్వు చూస్తే మా ఊరు గుర్తొస్తోందండీ." ఏ ఊరని అడిగితే, ముందు మన ఊరు కనుక్కుని అదే చెప్పేవాడు. నా స్నేహితురాలు సెరీనా దగ్గర కాకినాడ, నా దగ్గర తెనాలి. ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే అయిదు నిమిషాల్లో ఊళ్ళ ప్రస్తావన వస్తుందని ఆ మహానుభావుడికి తట్టనేలేదు. ఒక శుక్రవారం ఆర్వో (ఇక్కడివాళ్ళ భాషలో మధ్యాహ్నం) తెలుగమ్మాయిలం తొమ్మిదిమందిమీ కూచుని చూసుకుంటే, అతను ఏకకాలంలో తొమ్మిది ఊళ్ళలో పుట్టాడు.

అబద్ధమెందుకు, పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. కానీ సెరీనా చదివేది పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. నవ్వి ఊరుకునే రకం కాదు. సాయంత్రానికల్లా సరస నియంత్రణ కమిటీ వెలిసింది. ఆమె అధ్యక్షురాలు, లీలావతి అనబడే నేను కార్యదర్శిని.

ఇకమీదట మార్క్ ఏ అమ్మాయినైనా పలకరించాలంటే ఫారం నింపాలి: వాడబోయే డైలాగు, అది ఇదివరకు ఎవరెవరి మీద వాడబడింది, సొంత ఊరికి రుజువు. పరిశీలనకు పదిహేను పనిదినాలు. అందాకా సదరు అమ్మాయితో "నమస్తే", "చిప్స్ కావాలా" తప్ప మాట్లాడరాదు. (సాస్ గురించి అడగడానికి తర్వాత సవరణ ద్వారా అనుమతించాం.) ఉల్లంఘిస్తే తొమ్మిదిమందిమీ కౌంటర్ ముందు వరసగా నిలబడి నవ్వుతాం. మార్క్ హడలిపోయి సంతకం పెట్టాడు.

ఆగస్టులో జెన్సీ వచ్చింది. ఏలూరు పిల్ల, నర్సింగ్, అడిగితే తప్ప మాట్లాడదు. మర్నాడే మార్క్ ఫారం పట్టుకొచ్చాడు.

"డైలాగు గడి ఖాళీగా ఉందేంటి?" అంది సెరీనా.

"ఏం రాయాలో తెలీట్లేదు. ఆ అమ్మాయి ఎదురుపడితే నోరు పెగలట్లేదు సెరీనా. నిండిన గ్లాసులోనే మళ్ళీ బీరు పోస్తున్నా."

"సొంత ఊరు?"

"చీరాల. ఒట్టు. ఇదిగో పాస్‌పోర్టు."

నాకు జాలేసింది. "పాపం, ఈసారి నిజంగానే పడ్డాడే. ఇచ్చేద్దాం" అన్నాను.

"రూల్స్ ఆర్ రూల్స్, లీలా. ఇన్‌కంప్లీట్. మళ్ళీ పెట్టమను."

మళ్ళీ పెట్టాడు. గడిలో "మీరంటే నాకు ఇష్టం" అని మాత్రం ఉంది. పదిహేను పనిదినాలూ నియమం తప్పలేదు. నమస్తే, చిప్స్. ఎందుకైనా మంచిదని సాస్ జోలికి కూడా పోలేదు. ఆఖరి రోజున ముద్ర వేస్తుంటే సెరీనా కళ్ళు చెమర్చాయి. (మినిట్స్‌లో ఇది లేదు.)

ఇస్త్రీ చొక్కా వేసుకుని, అనుమతి పత్రం జేబులో పెట్టుకుని, మార్క్ జెన్సీ టేబుల్ దగ్గరికి వెళ్ళాడు. మేం ఊపిరి బిగబట్టాం. ఆ పిల్లే ముందు నోరు తెరిచింది.

"మీకోసమే చూస్తున్నానండీ. మీ గురించి అందరూ ఏవేవో చెబితే మొదట్లో భయపడ్డాను. మూడు వారాలు చూశాను కదా, ఒక్క పిచ్చి మాట లేదు. ఆదివారం పెర్త్ నుంచి నన్ను చూసుకోవడానికి పెళ్ళివారు వస్తున్నారు. ఇక్కడ నాకంటూ పెద్దదిక్కు ఎవరూ లేరు. మా వైపున మీరొచ్చి కూచోవాలి అన్నయ్యా."

మార్క్ జేబులోంచి కాగితం తియ్యలేదు.

"ఎన్నింటికి రమ్మంటావమ్మా?" అన్నాడు.

మా రికార్డుల్లో ఆ దరఖాస్తు ఎదుట ఇప్పటికీ "గడువులోగా విజయవంతంగా పరిష్కరించబడినది" అనే ఉంది.